నాలుగో ఫొటో

మింగేయ్, ఉమ్మకు అని చెప్పి పొడుగు నర్సు స్ప్రే సీసాను ట్రేలో పెట్టింది. పంతొమ్మిదేళ్లుగా ఈ ఎండోస్కోపీ గదిలో నర్సుగా అందరికీ తను చెప్పే మాట ఇవాళ పేషంటుగా తన చెవిన పడింది. చేదు. ఛీ, ఇంత చేదా? ఎన్ని సీసాలు ఈ చేత్తో ఖాళీ చేసిందో, ఎంతమంది నోళ్లు తెరిపించిందో, చేదుగా ఉందమ్మా అని ఎంతమంది మొహం చిట్లించారో, ఒక్కరి మాటా చెవికెక్కలేదు. ఏం కాదండీ, రెండు నిమిషాల్లో మొద్దుబారిపోతుంది అనేసి, వాళ్ల మొహం కూడా చూడకుండా స్కోపు గొట్టం అందుకునేది. ఇప్పుడు నాలుక తనది. ముందు కొస జివ్వుమంది, తర్వాత మందమైంది, ఇప్పుడు ఎవరి నాలుకో తెచ్చి తన నోట్లో పెట్టినట్టుంది. గుటక వేస్తే గొంతు ఉందో లేదో తెలియడం లేదు. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, చెంప కింద నీలం గుడ్డ పరుచుకుని పడుకుంది. మంచం మీద నుంచి ఈ గదిని ఎప్పుడూ చూడలేదు. స్విచ్చుల బోర్డు పగిలిన చోట అంటించిన తెల్ల ప్లాస్టరు తను అంటించిందే, అంచులు నల్లబడ్డాయి. సక్షన్ గొట్టం బుసకొడుతోంది. బయట వరండాలో డాక్టరు ఫోన్లో నవ్వుతున్నాడు. నవ్వు, నవ్వు. అక్క పోయి రెండు నెలలైంది, ఆ నవ్వు ఒక్క పిసరు తగ్గలేదు. ఆ నవ్వు వినపడితే చాలు, అరికాళ్ల నుంచి మంట లేస్తుంది. రెండు నెలలుగా ఆ మంటతోనే ఆయనకు గ్లవుజులు అందిస్తోంది, అవునండీ సార్ అంటోంది, స్కోపులు కడుగుతోంది.

నిన్న ఆయనే అన్నాడు, మన మనిషివి, నేనే చేస్తాను, మత్తిచ్చి హాయిగా పడుకోబెడతానని. మన మనిషట. మత్తు వద్దండీ, స్ప్రే చాలు అంది. భలే ధైర్యం అని మెచ్చుకున్నాడు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. కళ్లు తెరుచుకుని ఉండాలి, అంతే. ఇందాక మంచమెక్కుతూ, ఆ స్క్రీన్ కాస్త ఇటు తిప్పవే అని అడిగితే పొడుగు నర్సు ఒక్క క్షణం తన మొహంలోకి చూసి, ఎందుకని అడగకుండా తిప్పింది. రిపోర్టు నాలుగో గడిలో ఏమీ పెట్టకు, ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనీ అని చెబితే దానికీ తలూపింది. ఆమెకు తెలిసే ఉంటుంది. ఈ గదిలో అందరికీ అన్నీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. నెల నుంచి ముద్ద దిగడం లేదు. ఇదిగో ఇక్కడ, ఎముక వెనక, ఆగి ఆలోచించుకుని దిగుతోంది. సరిగ్గా ఇక్కడే అక్క వేలు పెట్టి చూపించింది, కిందటేడు, కుట్టుమిషను మీద బట్ట ఆపి. ముద్ద ఇక్కడ ఆగుతోందే, నీ ఆసుపత్రికి తీసుకుపోవే ఒకసారి అని. నీ ఆసుపత్రి అంటే అక్కకు ఎంత నమ్మకమో. చెల్లెలు పనిచేసే చోటు, చెల్లెలు పక్కనే ఉండే గది, ఇంకేం కావాలి అన్నది ఆవిడ లెక్క.

ఇక్కడ ఆయన పేరు మూణ్ణిమిషాల సారు. ఎదురుగా ఎవరూ అనరనుకో. గొట్టం దించడం, చూడడం, తీయడం, మొత్తం మూడు నిమిషాలు. పేషంట్లకు అదే ముద్దు. దించినట్టే తెలియలేదండీ, చెయ్యంటే ఆ చెయ్యే అని పొగుడుకుంటూ పోతారు. పనిమంతుడు కాడని ఎవరన్నారు? అక్కడే కదా తనకు రగిలేది. నెత్తురు కక్కుకుంటూ వచ్చిన మనిషి పొట్టలో, ఆ ఎర్రటి మడుగులో, చిమ్ముతున్న నరాన్ని వెతికి పట్టి క్లిప్పు బిగించడం తన కళ్లతో చూసింది. మూసుకుపోయిన ఆహారనాళంలో బెలూన్ ఊది దారి తెరవడం చూసింది. పసిపిల్ల మింగిన గుండ్రటి బ్యాటరీని బుల్లి వలతో పట్టి పైకి తెస్తుంటే, తనే ఊపిరి బిగబట్టి ఆ పిల్ల తల పట్టుకుంది. ఆ తల్లి ఆయన కాళ్ల మీద పడబోయింది. అప్పుడు ఆయనంటే తనకూ గర్వమే, ఇంటికెళ్లి అక్కకు కథలు కథలుగా చెప్పింది. అందుకే అక్క ఇక్కడికి వచ్చింది. చేతకానివాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని వదిలేసేది. చేతనైనవాడు చెయ్యలేదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో రెండు నెలలుగా తెలియడం లేదు.

రిపోర్టు కాగితంలో నాలుగు గడులుంటాయి. ఆహారనాళం ఒకటి, పొట్ట దాటాక చిన్నపేగు మొదలు ఒకటి, పొట్ట కింది భాగం ఒకటి. నాలుగోది పొట్ట పైకప్పు. గొట్టం పైనుంచి దిగుతుంది కాబట్టి ఆ కప్పు దాని వెనకే ఉండిపోతుంది, గదిలోకి నేరుగా నడిచి వచ్చినవాడికి తను దాటిన గుమ్మం కనపడనట్టు. చూడాలంటే చేతిలోని చక్రాన్ని బొటనవేలితో పూర్తిగా తిప్పాలి, అప్పుడు గొట్టం కొస కొక్కెంలా వంగి వచ్చిన దారి వైపు చూస్తుంది. పేషంటుకు కాస్త ఇబ్బంది, త్రేన్పులు, వికారం. రోజుకు నలభై మంది ఉంటే ముందు ఎగిరిపోయేది ఆ తిప్పడమే. ఫొటో తీసినప్పుడల్లా మిషను టిక్కుమంటుంది, నాలుగు టిక్కులు వినపడాల్సిన చోట మూడే వినపడేవి. మూడు ఫొటోలతో ప్రింటు కొట్టబోతే కంప్యూటరు ఒప్పుకోదు, గడి ఖాళీగా ఉందని ఎర్ర అక్షరాలు చూపించి మొండికేస్తుంది. బయట జనం గోల, లోపల ఆయన తొందర. ఎవరు మొదలుపెట్టారో గానీ తను చేరేసరికే ఉంది ఆ అలవాటు, అంతకుముందు ఎవరిదో ఒక మంచి ఫొటో తెచ్చి ఆ గడిలో పెట్టేయడం. ఆయన అడగడు, వీళ్లు చెప్పరు, సంతకం మాత్రం పడుతుంది. ఎవరిదో తెలియని ఒక ఫొటో ఉండేది, గులాబీ రంగులో, నిగనిగలాడుతూ, మచ్చన్నది లేకుండా. దానికి పొడుగు నర్సు పెళ్లికూతురని పేరు పెట్టింది. ఈయనకెవరిని పెట్టావంటే పెళ్లికూతురినే అని నవ్వుకునేవాళ్లు. ఆ పెళ్లికూతురు ఎన్ని వందల కాగితాల మీద ఎక్కిందో, ఎంతమంది పొట్టల్లో కాపురం చేసిందో. సిగ్గు లేకుండా నవ్వారు. తనూ నవ్వింది, అందరికంటే గట్టిగానే.

అక్కకు ఇదే మంచం. ఇదే నీలం గుడ్డ. మత్తిచ్చారు, అక్క తన చెయ్యి పట్టుకునే నిద్రలోకి జారింది, వేలికి కత్తెర కాసిన చోట గట్టిగా ఉండే ఆ చెయ్యి. టిక్కు. టిక్కు. టిక్కు. గొట్టం బయటికొచ్చేసింది. ఆ మూడో టిక్కుకూ గొట్టం బయటికి రావడానికీ మధ్య తన నోటి దాకా ఒక మాట వచ్చింది. వచ్చిందా? వచ్చిందనే రెండు నెలలుగా తనకు తాను చెప్పుకుంటోంది. తిప్పలేదు సార్ అని రెండు ముక్కలు, ఎంతసేపు? అప్పటికే ఆయన గ్లవుజులు ఊడదీస్తూ, మీ అక్కకేం లేదమ్మా, అసిడిటీ, మాత్రలు రాస్తాను అన్నాడు. ఏం లేదన్న మాట వినగానే ప్రాణం లేచొచ్చింది, అదీ నిజమే, ఆ సంతోషంలోనే కంప్యూటరు ముందు కూర్చుంది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. చెయ్యి దానంతటది కదిలింది. రోజూ కదిలే చెయ్యే కదా, ఇది అక్క కాగితమని దానికి ఎవరు చెప్పాలి? పెళ్లికూతురు వెళ్లి నాలుగో గడిలో కూర్చుంది. ప్రింటు వచ్చింది, ఆయన నిలబడే సంతకం గీకాడు, తనే ప్లాస్టిక్ కవర్లో పెట్టి బావ చేతికిచ్చింది, అంతా బావుందని. అక్క ఆ సాయంత్రం మిషను ముందు కూర్చుని డాక్టరు కోసం తెల్ల కోటు మొదలుపెట్టింది. డబ్బిస్తే తీసుకోడు కదా, కోటు కుడతాను, కొలతలు నువ్వు చూసి చెప్పవే అని. తన కళ్లతో కొలిచి భుజాలు చెప్పింది. లోపలి జేబు ఒకటి అదనంగా కుట్టింది అక్క, పెన్ను ఒలికితే కోటు పాడవకుండా. మాత్రలు మింగుతూ, ముద్ద దిగక అన్నం పళ్లెం పక్కకు తోసేస్తూ, చల్లగా ఉండాలి ఆ బాబు అంటూ కుట్టింది. ఆరు నెలలు మాత్రలు మింగింది మహాతల్లి.

తర్వాత ఇంకో ఆసుపత్రి. అక్కడి డాక్టరు నెమ్మదైన మనిషి, వెంట్రుకలు నెరిసినాయన. స్క్రీన్ మీద చూపించాడు, గొట్టం పొట్టలోకి దిగే గుమ్మం చుట్టూ, సరిగ్గా తిప్పితేనే కనపడే చోట, గట్టిపడి, ఎగుడు దిగుడుగా, కాలీఫ్లవర్‌లా క్యాన్సరు గడ్డ. తర్వాత పాత రిపోర్టు అడిగాడు. బావ కవర్లోంచి తీసి ఇచ్చాడు. ఆయన నాలుగో ఫొటోను లైటు కింద పెట్టి చాలాసేపు చూశాడు. అప్పుడు ఇక్కడ శుభ్రంగా ఉందే, ఆరు నెలల్లో ఇంత పెరిగిందంటే చాలా చెడ్డ రకం అయ్యుండాలి అన్నాడు. ఆ గదిలో తను ఉంది. బావకు ఒక అడుగు వెనక, తలుపుకు ఆనుకుని ఉంది. అది మా అక్క పొట్ట కాదండీ, పెళ్లికూతురండీ, మేం నవ్వుకునే ఫొటో అండీ అని చెప్పొద్దూ? మింగలేక కక్కలేక నిలబడింది. ఆ తర్వాత మూడు నెలలు అక్క మంచం పక్కన కూర్చుని, చెంచాతో నీళ్లు పోస్తూ, తడి గుడ్డతో పెదాలు తుడుస్తూ కూడా చెప్పలేదు. అక్క చివరివారంలో ఒకసారి, నువ్వుండబట్టి సరిపోయిందే అంది. ఆ ఒక్క మాటకు మూణ్ణిమిషాల సారుని చంపేయాలనిపించింది. ఆయన్నేనా? ముందు ఆయన్నే, తర్వాత ఎవరినో తనకు తెలుసు.

బావ బయట బెంచీ మీద ఉన్నాడు. తోడు ఎవరైనా రావాలంటే ఆయనే వస్తానన్నాడు. చేతిలో అదే కవరు, ఇంట్లో వాళ్ల జబ్బుల సంగతి అడుగుతారేమోనని తెచ్చాడు. ఆ కవరు ఆయన వదలడు. వారానికోసారి తన ఇంటికొచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, కాగితం తీసి చూపించి, మొదట్లోనే చూపించాంగా, అప్పుడు బానే ఉందిగా, మనం చెయ్యాల్సింది చేశాం, రాసిపెట్టి ఉంది అంతే అని తనను తాను ఓదార్చుకుని వెళ్తాడు. ఆయన మంచితనం చూసినా మండుతోంది ఈమధ్య. ఒక్కసారైనా అనుమానపడు మనిషీ, ఒక్కసారి గట్టిగా అడుగు, ఆ గదిలో నువ్వే కదా ఉన్నావు అని నిలదీయి. అడగడు. ఆ గులాబీ రంగు ఫొటోను పట్టుకుని నిద్రపోతున్నాడు. అది లాగేస్తే ఆయనకు ఇంకేం మిగలదు, అందుకే చెప్పలేదు అనుకుంటుంది. అబద్ధం. తన ఉద్యోగం, తన మొహం, బావ కళ్లలో తన చోటు, వీటికోసం చెప్పలేదు. అయినా ఇవాళ డాక్టరు తిప్పుతాడా లేదా అన్నది చూడాలి. తిప్పితే, సొంత మనిషికైనా తిప్పుతాడని, ఆ రోజు ఏదో మర్చిపోయాడని అనుకుని కాస్త తగ్గుతుందేమో మంట. తిప్పకపోతే? అక్కడ ఆలోచన ఆగిపోతోంది.

డాక్టరు తలుపు తోసుకుని వచ్చాడు. కోటు అదే. అక్క కుట్టిందే, మోచేతుల దగ్గర కాస్త నలిగింది, భుజాలు అతికినట్టు సరిపోయాయి, తన కన్ను తప్పు చెప్పలేదు. ఎవరు కుట్టారో ఆయనకు గుర్తుందా? ఏమ్మా, భయమా అని నవ్వి, కోటు తీసి తలుపు కొక్కేనికి తగిలించి, ప్లాస్టిక్ ఏప్రన్ కట్టుకున్నాడు. కోటు లోపలి జేబులో నీలం సిరా మరక కనపడుతోంది. అక్క జేబు అక్క చెప్పిన పనే చేసింది. పొడుగు నర్సు పళ్ల మధ్య రింగు పెట్టి పట్టీ బిగించింది, ఇక మాట్లాడే వీల్లేదు. నోరున్నప్పుడు మాట్లాడలేదుగా. గొట్టం నాలుక దాటింది, గుటక వెయ్యి అన్నాడు, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అడ్డంగా కొట్టుకుని, ఒక్కసారి వాంతి తన్నుకొచ్చి, కళ్లలో నీళ్లు చిమ్మి, దిగిపోయింది. ఊపిరి పీల్చుకో, మెల్లగా, అని పొడుగు నర్సు భుజం నిమిరింది. స్క్రీన్ మీద తన లోపలి మనిషి, తడిగా, ఎర్రగా. టిక్కు. ఆహారనాళం కింద రెండు ఎర్ర చారలున్నాయి, పుండ్లు పడ్డాయని గొణిగాడు. పొట్టలో గాలి ఊదాడు, కడుపు ఉబ్బింది. గొట్టం కిందికి పోయి పేగులో తొంగి చూసింది. టిక్కు. వెనక్కొచ్చింది. పొట్ట కింది భాగం, శుభ్రంగా, మెల్లగా అల వచ్చినట్టు ముడుచుకుని విప్పుకుంటోంది. టిక్కు. ఇప్పుడు. ఆయన బొటనవేలినే చూస్తోంది, గ్లవుజు లోపల ఆ లావుపాటి బొటనవేలు. తిప్పు. తిప్పవయ్యా. స్క్రీన్ మీద గోడలు వెనక్కి జారడం మొదలుపెట్టాయి. గొట్టం పైకి వస్తోంది. చాలు, బావుంది, గ్యాసే అంటున్నాడు.

చెయ్యి దానంతటది కదిలింది. ఆ రోజు కదిలిన చెయ్యే. పెదాల దగ్గర గొట్టాన్ని పిడికిట పట్టేసింది. ఏమ్మా, చెయ్యి తియ్యి, పట్టుకోకూడదని నీకు తెలియదా అన్నాడు. తెలుసు. ఎంతమంది చేతులు లాగి పట్టుకుందో, చెయ్యి పెట్టకండి అని ఎంతమంది మీద కసిరిందో. పట్టు వదల్లేదు. చొంగ చెంప మీదుగా కారుతోంది, కడుపు ఎగదన్నుతోంది, పళ్లు రింగును కొరుకుతున్నాయి. దిండు కింద నుంచి ఎడమ చెయ్యి లాగి నాలుగు వేళ్లు చూపించింది. నాలుగేంటి అన్నాడాయన. అప్పుడు పొడుగు నర్సు, ఎప్పుడూ పైకి ఏమీ అనని మనిషి, నేల వైపు చూస్తూ అంది.

"పైకప్పు చూడలేదు సార్. మీరు తిప్పలేదు."

ఆయన మెడ ఎర్రబడింది. అవసరం లేదన్నాడు, ఊరికే ఇబ్బంది అన్నాడు, బయట ఇంకా పదహారు మంది ఉన్నారన్నాడు. పిడికిలి ఇంకా బిగిసింది. చివరికి పళ్ల మధ్య నుంచి సరే అని, గొట్టం మళ్లీ కిందికి తోసి, కొట్టినట్టు చక్రం తిప్పాడు. కడుపులో ఏదో పాములా మెలిక తిరిగింది. తను లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు. స్క్రీన్ మీద గోడలు తలకిందులయ్యాయి. మూడు, నాలుగు, ఐదు. పైనుంచి దిగుతున్న నల్లటి గొట్టం కనపడింది, దాని చుట్టూ బిగిసిన గుమ్మం, అక్కకు పూసిన చోటు. ఆరు, ఏడు. గులాబీ రంగు, నునుపు, మచ్చ లేదు. ఎనిమిది, తొమ్మిది, అటు ఇటు తిప్పాడు, ఆయనకు ఎంత బాగా చేతనవునో. పది. టిక్కు. పదకొండు. చక్రం వదిలాడు. తను బతికే ఉంటుంది. ఆ సంగతి తెలిసి ఒళ్లంతా కోపంతో వణికింది.

రింగు తీశాక లేచి కూర్చుని, గుడ్డతో మూతి తుడుచుకుని, మొద్దు నాలుకను కూడదీసుకుని చెప్పింది. "పదకొండు సెకన్లు పట్టింది సార్. మా అక్కకు తిప్పలేదు మీరు." ఆయన ఏప్రన్ ముడి విప్పుతూ ఆగాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, నవ్వు లేకుండా, మొట్టమొదటిసారి తన మొహంలోకి చూస్తూ అన్నాడు.

"ఆ ఫొటో పెట్టింది నువ్వే కదా."

తెలుసన్నమాట. ఇన్నాళ్లూ తెలిసే సంతకం పెట్టాడన్నమాట. అవును సార్, నేనే అంది. ఆలోచించి మాట్లాడు అని ఆయన కొక్కెం మీది కోటు అందుకోబోయాడు. తను ముందే అందుకుంది. మడతపెట్టి చంకలో పెట్టుకుంది. ఏంటిది అన్నాడు. మా అక్క కుట్టింది అని చెప్పి, పొడుగు నర్సు అప్పుడే ప్రింటు తీసిన తన కాగితం తీసుకుని బయటికి నడిచింది. గొంతు ఇంకా పరాయిదే.

బావ గభాలున లేచాడు. కాగితం చూశాడు, పుండ్లే, పెద్ద జబ్బేం లేదని తను సైగ చేస్తే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, పోనీలే తల్లీ, నువ్వైనా దక్కావు అన్నాడు. చంకలోని కోటు ఆయన కంట పడలేదు. కవర్లోంచి అక్క కాగితం తీసి, రెండూ ఒళ్లో పక్కపక్కన పరుచుకున్నాడు, పోల్చుకుని తృప్తిపడదామని కాబోలు. వేలు నాలుగో గడి మీద పెట్టాడు. చూడు, మొదట్లో మీ అక్కకూ ఇంత శుభ్రంగా ఉంది కదమ్మా అన్నాడు. తను పక్కన కూర్చుంది. ఆయన వేలు పట్టుకుని ఆ ఫొటో మీద నుంచి తీసింది. నాలుక ఇంకా మందంగానే ఉంది, అందుకని ఒక్కో మాటా విడదీసి, తొందర లేకుండా చెప్పింది.

"బావా, ఇది అక్కది కాదు. నేనే పెట్టాను."